టార్గెట్ ఫోల్డర్ తీసేసి చూడు

శిరీషా,

మీ టీమ్‌లో పాత జావా ప్రాజెక్టు బిల్డ్‌ను యాంట్ నుంచి మావెన్‌లోకి మారుస్తున్నారనీ, ఫోల్డర్లు సర్దే పని నీ నెత్తిన పడిందనీ అన్నయ్య చెప్పాడు. చిల్లర పని అప్పగించారని చిన్నబుచ్చుకున్నావట. రేపు ఆ కోడ్‌లోకి వచ్చేవాళ్లంతా నువ్వు సర్దినదాంట్లోనే తిరగాలమ్మా, కాస్త మనసు పెట్టు.

యాంట్‌కి ఫోల్డర్ల పట్టింపు లేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు బిల్డ్ ఫైల్లో రాసుకోవచ్చు. అందుకే అలాంటి ప్రాజెక్టుల్లో జావా ఫైళ్లూ క్లాస్ ఫైళ్లూ, బియ్యమూ వార్చిన అన్నమూ ఒకే డబ్బాలో పోసినట్టు కలిసిపోయి ఉంటాయి. ఎవరో ఒక క్లాసు పేరు మారుస్తారు. పాత క్లాస్ ఫైలు అక్కడే మిగిలిపోతుంది. దాన్ని వాడే ఇంకో జావా ఫైలు మారలేదు గనక యాంట్ ఆ ఫైలును మళ్లీ కంపైల్ చేయదు. వాళ్ల మిషన్లో అంతా సవ్యమే. జెంకిన్స్ బిల్డ్ సర్వర్లో కొత్తగా చెకౌట్ చేయగానే బిల్డ్ కూలుతుంది. ఇక “నా దగ్గర బాగానే నడుస్తోందే!” అని వాదులాట.

మావెన్‌లో మనం రాసేది ‘ఎస్‌ఆర్‌సి’ కిందికి, మిషన్ పుట్టించేది ‘టార్గెట్’ కిందికి. ఎక్స్‌ఎస్‌డీ స్కీమా నుంచి పుట్టే జావా ఫైళ్లు కూడా టార్గెట్‌లోనివే. వాటిని చేత్తో దిద్దితే తర్వాతి బిల్డ్‌లో తుడిచిపెట్టుకుపోతుంది, దిద్దాల్సింది ఎక్స్‌ఎస్‌డీని. టార్గెట్ గిట్‌లోకి పోకుండా గిట్‌ఇగ్నోర్‌లో మొదటి రోజే రాసెయ్. పెద్ద జార్ ఒక్కసారి కమిట్ అయిందంటే, తర్వాత డిలీట్ చేసినా చరిత్రలో ఉండిపోయి క్లోన్ చేసిన ప్రతివాడి మీదా బరువు మోపుతుంది. ‘రిసోర్సెస్’లో పెట్టినవన్నీ జార్‌లోకి వెళ్తాయి, ప్రొడక్షన్ పాస్‌వర్డ్‌లు అక్కడ వద్దు.

లోపలి ప్యాకేజీల మీద మీ ఆర్కిటెక్టుకు వేరే అభిప్రాయం ఉండొచ్చు. నా మటుకు కంట్రోలర్లన్నీ ఒకచోట, సర్వీసులన్నీ ఒకచోట కుప్పపోయడం నచ్చదు. బిల్లింగ్‌కి సంబంధించినవి బిల్లింగ్‌లోనే ఉండనీ. మాడ్యూళ్లు మాత్రం ఎడాపెడా చీల్చకు. విడిగా డిప్లాయ్ అయ్యేదో, వేరే టీమ్ వాడుకునేదో అయితేనే వేరు చెయ్. ఫోల్డర్ పేర్లలో చిన్న, పెద్ద అక్షరాలు కలపకు. విండోస్ ఊరుకుంటుంది గానీ లినక్స్ సర్వర్ ఊరుకోదు.

ఫైళ్లు జరిపే కమిట్‌లో కోడ్ ఒక్క లైను కూడా మార్చకు. గిట్ పేరు మార్పును విడిగా రాసిపెట్టుకోదు, రెండు ఫైళ్ల పోలికను బట్టి ఊహిస్తుంది. జరపడం, దిద్దడం కలిపి చేస్తే పోలిక తగ్గి, ఏ లైను ఎవరు ఎందుకు రాశారన్న జాడ తెగిపోతుంది. ప్యాకేజీ పేర్లు మార్చాలన్నా అది తర్వాతి కమిట్.

అన్నీ సర్దాక టార్గెట్ డిలీట్ చేసి, వేరే మిషన్లో కొత్తగా క్లోన్ చేసి ఒక్క కమాండ్‌తో బిల్డ్ అవుతుందో లేదో చూడు. అసలు ఫోల్డర్లు జరపడం మొదలుపెట్టే ముందే మీ మేనేజర్‌తో చెప్పి అందరి బ్రాంచ్‌లూ మెర్జ్ చేయించు. సగం పనిలో ఉన్నవాళ్ల కాళ్ల కింద ఫోల్డర్లు జరిపితే తిట్లు నీకే.

మీ బాబాయి