అటక మీద తూటాలు దొరికితే...

పాతబస్తీలో తాతల నాటి ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టె అడుగున వేట తుపాకీ తూటాలు కనబడ్డాయనుకోండి.

1. పిల్లల్ని అవతలికి పంపండి. పాతవి కదా, పేలవులే అనుకోవద్దు. పొడిచోట ఉన్న మందు దశాబ్దాలైనా చెడదు.

2. ఇత్తడి గొట్టం అడుగున ఉంగరంలాంటి పట్టీ ఉంటే అది బెల్టెడ్ మాగ్నమ్. వీటిలో పేరుమోసిన పాయింట్ 375ను లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ 1912లో తెచ్చింది. ‘మహబూబ్ అలీ పాషా దీంతోనే పులిని కొట్టాడు’ అని ఎవరైనా కోస్తే నమ్మకండి. ఆరో నిజాం 1911లోనే పోయారు.

3. తోమకండి. చింతపండూ వద్దు, పాలిష్ అసలే వద్దు. కొన్ని పాలిష్‌లలో అమ్మోనియా ఉంటుంది, అది ఇత్తడిని పగలగొడుతుంది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుసాలల్లో దాచిన తూటాలు ఇలాగే పగిలాయి. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో తేల్చారు.

4. ‘ఖాళీ గొట్టాల్లో మళ్లీ మందు నింపొచ్చట’ అనే బావమరిది ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. అమెరికాలో నింపుకుంటారు, నిజమే. పేల్చినప్పుడు ఉబ్బిన గొట్టాన్ని ఉక్కు డైలో నొక్కి కొలతకు తెస్తారు. ఈ పట్టీ తూటాతో చిక్కేమిటంటే, పట్టీకి సరిగ్గా పైన వచ్చే ఉబ్బును మామూలు డై అందుకోదు. దానికి వేరే డై కావాలి. పైగా గొట్టం భుజాన్ని, అంటే మూతి వైపు సన్నబడే చోటును, ప్రతిసారీ అతిగా వెనక్కి నొక్కితే, పేలినప్పుడు పట్టీ పైభాగం సాగి పలచబడుతుంది. ఒకనాడు అక్కడే తెగి, వేడిగాలి మొహం మీదికి తన్నొచ్చు. అందుకే తెలిసినవాళ్లు పట్టీని నమ్ముకోకుండా భుజం కొలత చూసుకుంటారు. మన దగ్గరైతే లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడమే నేరం. 1959 ఆయుధ చట్టం ప్రకారం తూటా భాగాలు కూడా తూటా లెక్కలోకే వస్తాయి.

5. కబాడీవాడికి అమ్మకండి. కొలిమిలో పడితే అతని ప్రాణం మీదికొస్తుంది.

6. సంచిలో వేసుకుని ఠాణాకు బయలుదేరకండి. 100కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు చేయండి. చట్టం ప్రకారం ఇలాంటివి పోలీస్ స్టేషన్‌లో గాని, లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గర గాని జమ చేయవచ్చు.

7. తుపాకీ కూడా దొరికితే, వారసత్వంగా వచ్చినా లైసెన్సు లేనిదే ఉంచుకోకూడదు. 2019 సవరణతో మామూలు లైసెన్సుదారు రెండు తుపాకులకు మించి ఉంచుకోవడానికి లేదు. జమ చేసిన ప్రతిదానికీ రసీదు అడిగి తీసుకోండి.