పెట్టుబడి సాయం: పట్టాకా, పంటకా?

వ్యవసాయానికి ప్రభుత్వ సొమ్ము ముఖ్యంగా రెండు దారులలో చేరుతుంది. ఒకటి, పండిన సరుకుకు చెల్లించే ధర. రెండు, భూమి విస్తీర్ణాన్ని బట్టి ఇచ్చే రొక్కం. మొదటిది ఎవరికి ముట్టిందో కాటా చీటీ చెబుతుంది. రెండవది ఎవరికి ముట్టిందో తెలియాలంటే జాబితా కావాలి. నగరాన్ని ఆనుకుని ఉన్న మేడ్చల్ ప్రాంతంలో ఈ తేడాకు ప్రాధాన్యం మరింత ఎక్కువ.

లెక్క తీరు

తెలంగాణ ప్రభుత్వం 2018 మే 10న రైతుబంధును ప్రారంభించింది. ఎకరాకు పంటకాలానికి రూ.4,000 చొప్పున ఇచ్చి, 2019 వానాకాలం నుంచి రూ.5,000 చేసింది. పట్టాదారు పాసుపుస్తకమే ఆధారం. విస్తీర్ణానికి గరిష్ఠ పరిమితి ఉండేది కాదు; పంట వేయాలన్న షరతు ఉండేది కాదు; కౌలుదారుకు చోటు ఉండేది కాదు. ఆ లెక్కన 2 ఎకరాలకు సాలుకు రూ.20,000 కాగా, 40 ఎకరాలకు రూ.4 లక్షలు. కేంద్రం ఇచ్చే పి.ఎం. కిసాన్ సాయం ఇందుకు భిన్నం. అర్హత గల కుటుంబానికి విస్తీర్ణంతో నిమిత్తం లేకుండా సాలుకు రూ.6,000, ఆదాయపు పన్ను చెల్లించేవారు అనర్హులు.

గజం ధర ఉన్నచోట

గుండ్లపోచంపల్లి 2018లో పురపాలక సంఘమైంది. దుస్తుల పరిశ్రమల పార్కు, ఇళ్ల స్థలాలు విస్తరించిన ఇటువంటి చోట భూమి విలువను దిగుబడి కాక గజం ధర నిర్ణయిస్తుంది. వ్యవసాయేతర వినియోగానికి మార్చుకునేవరకు రికార్డులో అది సాగుభూమే. హద్దురాళ్లు పాతినంత మాత్రాన పాసుపుస్తకం మారదు. 10 ఎకరాలు బీడు పెట్టి ధర కోసం వేచి ఉన్న యజమానికి రైతుబంధు నిబంధనల ప్రకారం సాలుకు లక్ష రూపాయలు వచ్చే వీలుండేది. పక్క చేలో కౌలుకు కూరగాయలు పండించేవారికి సాయం సున్న. కౌలు మాత్రం ఖర్చులో చేరుతుంది.

2025 జనవరి 26న ప్రారంభమైన రైతు భరోసా కొంత మార్పు తెచ్చింది. సాలుకు ఎకరాకు రూ.12,000, లే అవుట్లు, రోడ్లు, పరిశ్రమలు, గనుల కింద పోయిన భూములకు వర్తించదు. అయితే ఇదీ పట్టాదారుకే. సన్నరకం వడ్లకు 2024 వానాకాలం నుంచి ప్రకటించిన క్వింటాలుకు రూ.500 బోనస్ మాత్రం పంట అమ్మితేనే వస్తుంది. ఎకరాకు 20 క్వింటాళ్లు పండితే ఆ మొత్తం రూ.10,000. పాత రైతుబంధు సాయం సరిగ్గా అంతే కావడం గమనార్హం.

జాబితా సంగతి

రైతుబంధు తొలి విడతలో చెక్కులు గ్రామసభలలో పంచారు. ఎవరికెంత అన్నది ఊరంతా చూసింది. 2018 అక్టోబరులో శాసనసభ ఎన్నికల దృష్ట్యా చెక్కులకు బదులు బ్యాంకు ఖాతాలలోనే జమ చేయాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. దళారుల బెడద తగ్గే మార్గమే అయినా, ఊరి కంటికి లెక్క కనబడకుండా పోయింది.

సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. పి.ఎం. కిసాన్ లబ్ధిదారుల పేర్లు గ్రామాలవారీగా వెబ్‌సైటులో ఉన్నాయి. కాని పేరు ఒక్కటే చూస్తే ఆ భూమిలో పంట ఉన్నదో లేదో తేలదు.

గోప్యత ప్రశ్న కూడా ఉన్నది. వ్యక్తుల పేర్లను విచక్షణ లేకుండా ప్రకటించడం తగదని ఐరోపా న్యాయస్థానం 2010 నవంబరు 9న తీర్పు చెప్పింది. ఆ తరువాత 2013లో నిబంధనలు మార్చి, చిన్న మొత్తాలు పొందేవారి పేర్లను మినహాయించి, మిగిలినవారివి తిరిగి ప్రకటించసాగారు.

ఇక్కడా ఆ దారి అనుసరించవచ్చు. బ్యాంకు ఖాతా, ఆధార్ నంబర్లు గోప్యంగా ఉంచి, పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, వేసిన పంట, చెల్లించిన మొత్తం గ్రామ, వార్డు కార్యాలయాలలో అతికిస్తే చాలు. బీడు ఏదో, చేను ఏదో ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు.