రంగుగుండ్ల ఆట

ఆటలు పలువిధములు. పరుగుపందెమునకు కాలిబలము ముఖ్యము. చదరంగమునకు బుద్ధిబలము ముఖ్యము. అందు ఆడువాడు కూర్చుండి నెమ్మదిగా ఆలోచించును. పరుగెత్తుచునే ఆలోచింపవలసినదియు, తానొక్కడే కాక తోడివారితో కలిసి ఆలోచింపవలసినదియు నగు ఆట యొకటి కలదు. దానిని పెయింట్‌బాల్ అందురు. రంగుద్రవము నిండిన చిన్న గుండ్లతో ఆడునది యగుటచే మనము దానిని రంగుగుండ్ల ఆట యని పిలువవచ్చును.

దూరమునుండి చూచువారికి ఇది తుపాకులు పేల్చు ఆటగా మాత్రమే కనబడును. ఎవడు ఎక్కువగా పేల్చునో వాడే గెలుచునని తోచును. కాని ఈ ఆట చరిత్రలో మొట్టమొదట గెలిచినవాడు ఒక్క గుండునైనను పేల్చలేదు. ఈ వింత ఎట్లు జరిగెనో తెలిసికొన్నచో ఆటలోని మర్మము సగము తెలిసినట్లే.

ఈ ఆటలో వాడు పనిముట్టు మొదట ఆటకొరకు పుట్టినది కాదు. అమెరికా దేశమున అడవులలో పనిచేయు ఉద్యోగులు నరుకవలసిన చెట్లకు గుర్తు పెట్టవలసియుండెను. వాగునకు ఆవల నున్న చెట్టును, ముండ్లపొదల నడుమ నున్న చెట్టును చేరి కుంచెతో రంగు పూయుట కష్టము. పశువుల మందలను పెంచువారికిని ఇట్టి ఇబ్బందియే కలదు. మందలో నొక ఆవును వేరుచేయవలెనన్న, దానికి దూరమునుండియే గుర్తు వేయుట మేలు. వీరి యవసరమును గ్రహించి నెల్సన్ అను రంగుల కంపెనీవారు, బొగ్గుపులుసు వాయువు ఒత్తిడితో రంగుగుండును విసరు పిస్తోలు నొకదానిని అమ్మిరి. దాని పేరు నెల్‌స్పాట్ 007. చెట్టునకు గుర్తు వేయుటకు పుట్టిన పనిముట్టు గనుక ఆటగాండ్రు నేటికిని దానిని తుపాకి యనక ‘మార్కరు’ అనియే వ్యవహరింతురు.

ఇట్లుండగా ఇద్దరు మిత్రుల నడుమ ఒక వాదము పుట్టెను. ఒకడు చార్లెస్ గెయిన్స్ అను రచయిత. అతడు న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున పల్లెసీమలో నివసించువాడు; అడవి తీరు తెలిసినవాడు. రెండవవాడు హేస్ నోయెల్. అతడు న్యూయార్కు నగరమున కంపెనీల వాటాలు కొని యమ్ము వ్యాపారమున ఆరితేరినవాడు. “ప్రాణము నిలుపుకొనవలసిన తావున అడవి యెరిగినవాడే నెగ్గును” అని గెయిన్స్ పక్షము. “ఎచ్చట నున్నను చురుకైన బుద్ధియు, తెగువయు గలవాడే నెగ్గును, నగరవాసియైనను అడవిలో తన యుక్తితో బయటపడును” అని నోయెల్ పక్షము. వాదము మాటలతో తేలలేదు. బాబ్ గర్న్‌సీ అను క్రీడాసామగ్రి వర్తకుడు వారితో కలిసెను. ఈ రంగుపిస్తోలుతో ఎవరికిని హాని లేకుండ పరీక్ష జరుపవచ్చునని వారు నిశ్చయించిరి.

1981వ సంవత్సరము జూన్ 27వ తేదీన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున హెన్నికర్ అను ఊరి చెంత అడవిలో ఆ పరీక్ష జరిగెను. పండ్రెండుగురు పాల్గొనిరి. నాడు జట్లు లేవు, ఎవనికి వాడే. అడవిలో నాలుగు చోట్ల జెండాలు ఉంచబడెను. ఒక్కొక్క చోటునుండి ఒక్కొక్క జెండాను తీసికొని, ఒంటిపై రంగు పడకుండ మొదట బయటికి వచ్చినవాడు విజేత. ఎవని మీద రంగు పడునో వాడు ఆటనుండి తొలగవలెను.

ఆటగాండ్రలో రిచీ వైట్ అను నతడు వృత్తిచే అడవులలో పనిచేయువాడు. అతడు ఎవరిని వేటాడుటకును పోలేదు. చెట్ల మరుగున చప్పుడు లేకుండ నడచుచు, ఒక్కొక్క జెండాను చేజిక్కించుకొని బయటికి వచ్చెను. అతనికి పిస్తోలు పేల్చవలసిన యవసరమే కలుగలేదు. చేరవలసిన గమ్యము జెండా. ఎదుటివానిని కొట్టుట కాదు. అతడీ భేదమును మరువలేదు. యుక్తి యనగా మొదట ఇదియే: తాను దేనికొరకు వచ్చెనో దానిని కడవరకు మరువకుండుట.

గెయిన్స్ వాదమే గెలిచినట్లు నాడు పలువురకు తోచియుండును. కాని ఆ ఆట అచ్చటితో ఆగలేదు. 1982వ సంవత్సరమునుండి రుసుము చెల్లించి ఆడుకొను మైదానములు వెలసినవి. ఆడువారు రెండు జట్లుగా విడివడి, ఎదుటివారి జెండాను తెచ్చుటకు యత్నించు పద్ధతి స్థిరపడెను. దానితో ప్రశ్నయే మారిపోయెను. అడవివాడు గొప్పవాడా, నగరవాసి గొప్పవాడా అను ప్రశ్న పోయి, పలువురు కలిసి ఒక్క మనస్సుతో పనిచేయుట యెట్లు అను ప్రశ్న వచ్చెను. ఒంటరియైన వైట్ తన చప్పుడును మాత్రమే అదుపులో నుంచుకొన్న చాలును. జట్టులోనివాడు తన అడుగును తోడివారి అడుగుతో కలుపవలెను.

ఇక ఆటసామగ్రిని గూర్చి కొంచెము తెలిసికొందము. గుండు సుమారు 17 మిల్లీమీటర్ల వ్యాసము గలది. మందుగుళికలకు వాడునట్టి జెలటిన్ పొరలో నీటితో కడుగబడు రంగుద్రవమును నింపి దానిని చేయుదురు. తగిలినంతనే పొర పగిలి రంగు అంటుకొనును. ఆటకు ముందు ప్రతి మార్కరు వేగమును యంత్రముతో కొలుతురు. సామాన్యముగా గుండు సెకండునకు 300 అడుగులకు మించి పోరాదు. ఆ వేగమున కన్నునకు తగిలిన చూపు పోవును. కావున ముఖకవచము లేనిదే మైదానమున అడుగు పెట్టరాదు. లోపల నున్నంతసేపు దానిని తీయనేరాదు. మైదానము వెలుపల మార్కరు గొట్టమునకు తొడుగు వేసి యుంచవలెను. ఈ నియమములను లెక్కచేయని వానిని ఆడనీయరు.

నేటి పెద్ద పోటీలు అడవిలో గాక చదునైన మైదానమున జరుగును. దాని పొడవు సుమారు 150 అడుగులు, వెడల్పు సుమారు 120 అడుగులు. అందు గాలి నింపిన పెద్ద పెద్ద దిమ్మెలను నిలిపి యుంతురు. ఆటగాండ్రు దాగుటకు అవియే చాటు. ఒక సగమున దిమ్మెలు ఎట్లున్నవో రెండవ సగమునను అట్లే యుండును. కనుక స్థలబలము ఇరువురకు సమానమే. ఒక్కొక్క జట్టునకు ఐదుగురు. ఎదుటి జట్టు స్థావరమును చేరి అచ్చటి మీటను నొక్కినవారికి పాయింటు దక్కును.

ఐదుగురికి ఐదు పనులు. ముందువాడు చురుకైనవాడు, అతడు పరుగున పోయి ఎదుటివారికి దగ్గరగా నున్న దిమ్మెను పట్టవలెను. నడిమివాడు ముందువానికి అండగా నుండి, అతడు పడిపోయినచో ఆ తావును నింపవలెను. వెనుకవాడు స్థావరమునకు సమీపమున నిలిచి మైదానమంతయు చూచుచుండవలెను. పరుగెత్తువాడే గొప్పవాడని చూచువారు తలంతురు. కాని వెనుకవాడు ఎడతెగక గుండ్లు విసరి ఎదుటివారిని తల యెత్తనీయకున్నచో, ముందువాడు పది అడుగులైనను పోలేడు.

ఆలోచన ఆట మొదలగుటకు ముందే మొదలగును. జట్టువారందరు ఖాళీ మైదానమున నడచి, ఒక్కొక్క దిమ్మె వెనుక కూర్చుండి చూతురు. ఇచ్చటనుండి ఏది కనబడును? ఏది కనబడదు? ఎదుటివాడు ఏ దారిని పరుగెత్తును? ఆ దారిలో గుండ్లు పడునట్లు ఎచ్చటనుండి గురిపెట్టవలెను? పరుగెత్తు మనుష్యునకు గురిపెట్టుట కష్టము. అతడు తప్పక దాటవలసిన సందునకు గురిపెట్టి యుంచుట సులభము. బూర మ్రోగినంతనే ఆ సందున గుండ్లు వరుసగా పడుచుండిన, అతడు తానే వచ్చి వానికి తగులును. ఎదుటివానిని వెంబడింపక, అతడు రాబోవు చోటును ముందుగా నెరుగుటలో నున్నది నేర్పు.

తర్వాత వచ్చునది కోణము. ఒకడు దిమ్మె చాటున దాగియున్నాడనుకొందము. ఎదురుగా నున్న ఒక్కడు ఎన్ని గుండ్లు విసరినను అవి దిమ్మెకే తగులును. దాగినవాడు హాయిగా నుండును. అప్పుడు రెండవవాడు ప్రక్కకు జరిగి వేరొక కోణమునుండి గురిపెట్టినచో, దాగినవాని చాటు ఒక్కసారిగా సన్నగిలును. ఒకని నుండి తప్పించుకొనుటకు ఎడమకు జరిగిన రెండవవానికి కనబడును. కుడికి జరిగిన మొదటివానికి కనబడును. ఒక్కచోట నిలిచిన ఇద్దరి బలము ఒక్కని బలమునకు మించదు. తగిన యెడముగా నిలిచిన ఆ ఇద్దరే ఎంత గట్టి చాటునైనను ఛేదింతురు.

దీనికి మాట తోడు కావలెను. దిమ్మె వెనుక నేలకు ఆనుకొని యున్న ముందువానికి ఎదుట ఏమి జరుగుచున్నదో కనబడదు. వెనుకవానికి కనబడును గాని అతడు దూరమున నున్నాడు. గ్రుడ్డివాని భుజముపై కుంటివాడెక్కి దారి చూపగా ఇద్దరును ఊరు చేరిరని పెద్దలు చెప్పు అంధపంగు న్యాయము ఇచ్చట చక్కగా కుదురును. “కుడిమూల నొకడు, నడుమ ఎవరును లేరు, ఇప్పుడు పొమ్ము” అని వెనుకవాడు కేక వేయును. ముందువాడు తల యెత్తి చూడడు, సందేహింపడు, పరుగెత్తును. ఆ మాట తప్పైనచో రంగు పడునది అతని మీదనే. అయినను పోవును. వెనుకవాడు తెలియనిదానిని తెలిసినట్లు ఎన్నడును చెప్పడని అతనికి నమ్మకము. ఇట్టి నమ్మకము ఒక్కనాట కుదురదు. ఎన్నోమారులు కలిసి ఆడి, మాట నిలుపుకొనినప్పుడే కుదురును.

ఎదుటివారిలో ఒకడు తొలగి, ఐదుగురకు నలుగురు మిగిలినప్పుడు మెలకువ మరింత యవసరము. అప్పుడే కొందరికి ఉత్సాహము పెచ్చుపెరుగును. ముందువాడు కేకకై వేచియుండక ఒంటరిగా ఉరుకును. రంగు పడి తొలగును. లెక్క మరల సమానమగును. అతడు పట్టియుండిన దిమ్మె ఖాళీ యగుటచే నడిమివానికి ప్రక్క కాపు తప్పును, అతడును తొలగును. ఒక్కని తొందర ఇట్లు ఇద్దరికి చేటగును. నేర్చిన జట్టు అట్టి సమయమున నిదానించును. నలుగురకు ఐదు దిక్కులు కాచుట సాధ్యము కాదు గనుక, ఎదుటివారు వదలిన దిక్కు ఏదో వెదకి, అటు జరుగును. పిరికితనముచే ఆగుట వేరు, లెక్క తెలిసి ఆగుట వేరు.

ఈ ఆటలో అన్నిటికంటె కఠినమైన పరీక్ష వేరొకటి కలదు. వీపున రంగు పడినది. తీర్పరి చూడలేదు. ఎదుటివాడు కూడ గమనింపలేదు. తన జట్టు గెలుపునకు రెండడుగుల దూరమున నున్నది. అప్పుడేమి చేయవలెను? నియమము స్పష్టముగా నున్నది: గుండు తగిలి పగిలిన, చేయి యెత్తి తానే తొలగిపోవలెను. పగిలినదో లేదో తెలియకున్నచో తీర్పరిని పిలిచి చూపవలెను. రంగు తుడుచుకొని ఆడుట ఘోరమైన తప్పు. రంగు పడినదని తెలిసియు ఆడుచుండినవానిని తీర్పరులు తొలగించుటయే కాక, వాని జట్టులోని మరియొకనిని గూడ తొలగింతురు. ఆ రెండవవాడు ఏ తప్పును చేయలేదు. అయినను శిక్ష అతనికిని పడును.

ఇది అన్యాయముగా తోచవచ్చును. కాని జట్టుగా గెలిచినప్పుడు ఒక్కని నేర్పువలన వచ్చిన కీర్తిని ఐదుగురును పంచుకొందురు గదా! కీర్తిని పంచుకొనువారు అపకీర్తిని పంచుకొనక తప్పదు. ఈ సంగతి యెరిగిన ఆటగాడు తుడుచుకొనుటకు చేయి యెత్తబోవునప్పుడు తన ప్రక్క నున్న స్నేహితుని తలచుకొనును. ఆ చేతినే పై కెత్తి మైదానము వీడును.

గెయిన్స్, నోయెల్ మిత్రుల వాదమునకు ఈ ఆట చెప్పిన సమాధానము వారిద్దరు ఊహించినది కాదు. అడవి తెలిసిన ఓర్పును కావలెను. నగరమున నేర్చిన చురుకుదనమును కావలెను. ఒక్కనిలోనే ఈ రెండును ఉండుట అరుదు. ఓర్పు గలవాడు వెనుక నిలిచి చూడగా, చురుకుదనము గలవాడు ముందునకు పోవును. ఒకరి కొరతను వేరొకరు తీర్చుటకే జట్టు. విద్యార్థులు ఏ ఆట ఆడినను, ఏ పనికి పదిమంది పూనుకొనినను ఇది గుర్తుంచుకొనదగినది. తన పని యేదో తెలిసికొనుట, తోడివానికి నిజము చెప్పుట, అతడు చెప్పిన నిజమును నమ్ముట — ఈ మూడును ఉన్నచోట ఐదుగురు ఐదుగురుగా నుండక ఒక్క బలమగుదురు.

ప్రశ్నలు

1. ‘మార్కరు’ అను పేరు ఎట్లు వచ్చెను? అది మొదట ఎవరికి ఉపయోగపడెను?
2. గెయిన్స్, నోయెల్ మిత్రుల వాదమేమి? రిచీ వైట్ ఒక్క గుండునైనను పేల్చక ఎట్లు గెలిచెను?
3. దిమ్మె చాటున నున్నవానిని ఇద్దరు కలిసి ఎట్లు ఇరుకున పెట్టుదురు? పటము గీసి వివరింపుడు.
4. అంధపంగు న్యాయమనగా నేమి? ఈ ఆటలో అది ఎట్లు కుదురును?
5. ఒకని తప్పునకు మరియొకనిని గూడ తొలగించుట న్యాయమేనా? మీ అభిప్రాయమును కారణములతో వ్రాయుడు.