చెద ఉన్న చోట మందు పడాలి

ఏనాం వైపు లైబ్రరీల్లో పనిచేసినన్నాళ్లూ నన్ను అందరూ అడిగిందొకటే: ‘మాస్టారూ, చెద పట్టింది, ఫ్యూమిగేషన్ చేయించేద్దామా?’ అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లల కోసం నాకు తెలిసింది వరసగా రాస్తున్నాను.

1. తింటున్నదెవరో ముందు చూడండి.

కాగితంలో సన్నటి గుండ్రటి బెజ్జాలు పడి, పొడి రాలుతుంటే అది పెంకుపురుగు. బీరువా కింద ఇసుక రేణువుల్లాంటి గుళికలు పోగుపడి ఉంటే కర్రలోనే కాపురముండే చెద. గోడ మీద పెన్సిలంత లావున మట్టి దారి పాకితే నేల చెద. మన వైపు బెడద ఎక్కువగా దీనితోనే. ఇది పట్టిన పుస్తకం వరసలో చక్కగా నిలబడే ఉంటుంది. వీపు మీద బంగారు అక్షరాలు కూడా చెక్కుచెదరవు. చేతిలోకి తీసుకుంటే మాత్రం బరువు తేడా తెలుస్తుంది. విప్పితే లోపల మట్టి, దాని చుట్టూ ఫ్రేము కట్టినట్టు కాగితం అంచులు.

ఆ మట్టి దారిని మధ్యలో అంగుళం మేర గోకి వదిలేయండి. ఒకటి రెండు రోజుల్లో పూడ్చుకుందంటే లోపల రాకపోకలు సాగుతున్నట్టే.

2. ఫ్యూమిగేషన్ గ్యాసు నేల చెదకు మందు కాదు.

బీరువాలో కనిపించేవి మేతకొచ్చిన కూలీలు. రాణి ఎక్కడో నేల అడుగున ఉంటుంది. గది మూసి గ్యాసు వదిలితే కూలీలు చస్తారు, రాణికి జలుబు కూడా చెయ్యదు. పైగా గ్యాసు గదిలో నిలవదు. తలుపులు తీశాక రెండో బ్యాచి అదే దారిన పైకొస్తుంది. డబ్బు దండగ.

పెంకుపురుగుకీ, కర్రలో ఉండే చెదకీ గ్యాసు పనిచేస్తుంది. ఎవరో పెద్దాయన కాలం చేశాక పిల్లలు మూటలు కట్టి ఇచ్చే పుస్తకాలున్నాయి చూశారూ, అవే అసలు అనుమానించాల్సినవి. వాటిని తిన్నగా ర్యాకుల్లోకి ఎక్కించకండి. వేరే గదిలో ఉంచి, ఒక్కొక్కటీ దులిపి చూడండి.

3. గ్యాసు పెట్టక తప్పకపోతే, ముందు మనిషి, తర్వాత పుస్తకం.

మన దగ్గర ఎక్కువగా వాడేది అల్యూమినియం ఫాస్ఫైడ్, ధాన్యం గోదాముల్లో పెట్టే బిళ్లలే. 3 గ్రాముల బిళ్ల గాలిలో తేమ తగిలితే 1 గ్రాము ఫాస్ఫిన్ వదులుతుంది. దానికి విరుగుడు లేదు. శిక్షణ, అనుమతి ఉన్నవాళ్లే వాడాలి. తెలిసినవాడి దగ్గర నాలుగు బిళ్లలు తెచ్చి బీరువాలో పెడదామనే అటెండరు ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. వాణ్ని ముందు ఆపండి.

పని జరిగే చోట గాలిలో పది లక్షల పాళ్లకు 0.3 పాలు దాటితే ఫాస్ఫిన్ హద్దు మీరినట్టు లెక్క. వెల్లుల్లి వాసన వస్తుందంటారు కానీ వాసనను నమ్ముకోకూడదు. మీటరు పెట్టి చూశాకే లోపలికి అడుగుపెట్టాలి. రాగి ఉన్న వస్తువులను ఇది తినేస్తుంది కాబట్టి కంప్యూటర్లు, జిరాక్సు మిషను ముందే బయటికి చేర్చాలి.

పెంకుల కప్పున్న పాత భవనాన్ని గ్యాసు కోసం మూయడం ఎవరి తరమూ కాదు. పెంకుల సందుల్లోంచి, తలుపు చెక్కల్లోంచి పోతుంది. గోడకు ఆనుకుని ఇల్లుంటే అక్కడ నిద్రపోయేవాళ్ల మీదికే పోతుంది. అలా ప్రాణాలు పోయిన వార్తలు మన దేశంలో వచ్చాయి. కాబట్టి భవనం మొత్తానికి పెట్టొద్దు. పక్క ఇళ్లు దూరంగా ఉన్న చోట, పుస్తకాలు కుప్పగా పేర్చి, గ్యాసు పోని షీటు కప్పి, చుట్టూ ఇసుక నింపిన గొట్టపు సంచులు బరువుగా పరిచి, 5 నుంచి 7 రోజులు ఉంచుతారు. బయట బోర్డు, తాళం. వాచ్‌మన్ వరండాలో పడుకోకూడదు. మిగిలిన బూడిదను మీరు ఊడ్చొద్దు, నీళ్లు అసలే పోయొద్దు. తెచ్చినవాళ్లే పట్టుకుపోవాలి.

మిథైల్ బ్రోమైడ్ అనే ఇంకో గ్యాసును పాతవాళ్లు గుర్తు చేస్తారు. ఓజోన్ పొరకు చేటని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాని వాడకం సరుకుల క్వారంటైన్‌కు తగ్గిపోయింది. తోలు బైండింగుకు అది పట్టించే కంపు ఎన్నాళ్లకూ వదలదు కూడా.

4. నేల చెదకు నేలలోనే మందు.

గోడ, గచ్చు కలిసే చోట 30 సెంటీమీటర్లకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల బెజ్జాలు వేసి, మందు నీళ్లు పోసి, సిమెంటుతో మూస్తారు. కట్టేసిన భవనాలకు భారత ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం చెప్పే పద్ధతి దాదాపు ఇదే. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందైతే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. ఎదురుగా నిలబడి కలిపించండి. నీళ్లు ఎక్కువ, మందు తక్కువ చేయడం ఈ వ్యాపారంలో పాత విద్య.

ఏనాంలో ఇంకో చిక్కుంది. నీరు పైపైనే ఉంటుంది, ఇటు గౌతమి, అటు కోరంగి నది, చుట్టూ రొయ్యల చెరువులు. ఈ మందు రొయ్యకు విషం. నుయ్యి, బోరు దగ్గర బెజ్జాలు వద్దు. మిగిలిన మందు, డబ్బా కడిగిన నీళ్లు కాలవలో పొయ్యనివ్వొద్దు. వాన కురుస్తుంటే పని వాయిదా వేయండి.

5. తడి ఉన్నచోటికి నేల చెద వస్తుంది.

1986 వరద, 1996 నవంబరు తుపాను, 2022 జూలై వరద చూసిన ఊరు మనది. నీళ్లు తీశాక గోడలు పైకి ఆరినట్టే కనిపిస్తాయి, లోపల చెమ్మ నెలల తరబడి ఉంటుంది. ర్యాకు గోడకు జానెడు ఎడంగా జరపండి, కింది అర నేలకు తగలనివ్వకండి. చూరు నీళ్లు పునాది పక్కనే పడుతుంటే చెద మందు కన్నా ముందు తాపీమేస్త్రీని పిలవండి.

6. వేపాకు, వసకొమ్ము, కర్పూరం.

పెట్టుకోండి, తప్పు లేదు. నేల చెద మాత్రం వాటిని దాటుకునే వస్తుంది.

7. చలి కూడా మందే.

కొద్ది పుస్తకాలకే పురుగు పడితే గ్యాసు జోలికి పోనక్కర్లేదు. పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల్లో కనీసం వారం ఉంచితే పురుగూ గుడ్డూ చస్తాయి. చేపలూ రొయ్యలూ ఎగుమతయ్యే ప్రాంతం కదా, అడిగితే డీప్ ఫ్రీజరు దొరక్కపోదు. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పొద్దు, నీళ్లు పట్టి అట్టలు ఉబ్బుతాయి. తాటాకు గ్రంథాలను, తోలు బైండింగులను తెలిసినవాళ్లను అడక్కుండా ఇందులో పెట్టకండి.

8. బిల్లు పాసు చేసే ముందు.

కాంట్రాక్టరు రాసిచ్చే గ్యారంటీ కాగితాన్ని ఫైల్లో పెట్టుకోండి. పనయ్యాక నెల రోజులకు ఒకసారి, ఒక వానాకాలం దాటాక మరోసారి, మొదట గోకి వదిలిన చోటే మళ్లీ చూడండి. తొలకరి సాయంత్రం లైటు చుట్టూ ఉసుళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, ముసరడం మామూలే. అవి లోపలి గచ్చు పగుల్లోంచి లేస్తుంటే మాత్రం, మిగిలిన సొమ్ము ఆపి ఆ మనిషిని మళ్లీ పిలిపించండి.