వావిలి ఏది? లొట్టపీసు ఏది?



వినాయక చవితికి బజారులో పత్రి కట్ట కొంటాం. పూజలో సింధువార పత్రం పేరు రాగానే చేతికి అందిన ఆకు వేసేస్తాం. ఆ సింధువారమే మన వావిలి. చవితి పూజలోని 21 పత్రాల్లో అదొకటి. "ఇందులో వావిలి ఏది?" అని మీ పాప అడిగితే చూపించగలరా?

వావిలి ఈ నేల మొక్కే. వాగు గట్ల మీద, చెరువుల చుట్టూ తేమ ఉండే చోట పొదగా పెరుగుతుంది. శంషాబాద్ పక్కనే హిమాయత్‌సాగర్ ఉంది. 1908 మూసీ వరద తర్వాత నగర రక్షణకు కట్టిన రెండు జలాశయాల్లో ఇదొకటి. ఈసీ నది మీద 1927లో పూర్తయింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తూ కారు అద్దంలోంచి చూసే పిల్లలకు నీటి చుట్టూ ఉన్న పచ్చదనమంతా ఒకేలా కనిపిస్తుంది. నిజానికి అది ఒకటి కాదు.

మన చెరువుల అంచున గుబురుగా కనిపించే మరో పొద లొట్టపీసు. దీన్నే తూటికాడ అని కూడా అంటారు. ఇది అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చింది. విరిగిన కొమ్మ ముక్క తడి మట్టిలో పడినా వేరు పట్టేస్తుంది. చెరువు అంచును ఆక్రమించి మన మొక్కలకు చోటు లేకుండా చేస్తుంది. దీన్ని తిన్న మేకలు జబ్బు పడతాయి. అందుకే పువ్వు బాగుందని దీన్ని ఇంటికి తేవద్దు.

రెంటికీ తేడా ఇలా చూపించండి:

• వావిలి ఆకు చేతి వేళ్లలా 5 రెక్కలుగా, కొన్నిచోట్ల 3 రెక్కలుగా ఉంటుంది. పైన పచ్చగా, కింద బూడిద తెలుపుగా ఉంటుంది. నలిపితే ఘాటైన వాసన వస్తుంది. పూలు చిన్నవి, నీలి ఊదా రంగు గుత్తులు.

• లొట్టపీసు ఆకు ఒకటే రెక్క, హృదయాకారం. పువ్వు పెద్దది, గులాబీ రంగు గరాటులా ఉంటుంది. కాడ లోపల బోలు. తుంచితే పాలు కారతాయి.

పెంచే పద్ధతి తేలికే. వానాకాలంలో పెన్సిల్ మందం ఉన్న ముదురు వావిలి కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేలా కత్తిరించండి. కింది ఆకులు తీసేయండి. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమానంగా కలిపి, రెండు కణుపులు మట్టిలో మునిగేలా నాటండి. చిగురు వేసి నిలదొక్కుకునే దాకా నీడలో ఉంచి మట్టి తడి ఆరకుండా చూడండి. తర్వాత ఎండలోకి మార్చండి. బాల్కనీ అయితే పెద్ద కుండీ కావాలి. ఏటా కొమ్మలు కత్తిరిస్తే పొదగా గుబురుకడుతుంది. తేమ ఇష్టమే అయినా కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి. అక్కడ దోమలు గుడ్లు పెడతాయి.

మన అమ్మమ్మలు బాలింతలకు వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేయించేవారు. పురుగు పట్టకుండా ధాన్యంలో ఎండిన ఆకు వేసేవారు. ఇవి పిల్లలకు చెప్పండి. కషాయం మాత్రం డాక్టరును అడగకుండా తాగించవద్దు.

ఈ నెల ఇంటి పని: సెలవు రోజున పిల్లలతో కలిసి వావిలి వెతకండి. నీటి అంచుకు పిల్లలను ఒంటరిగా పంపకండి. పొదను దూసేయకుండా ఒక్క కొమ్మ తెచ్చి నాటండి. పిల్లలు వారానికొకసారి కొత్త చిగుళ్లు లెక్కపెట్టి నోటుబుక్కులో రాయాలి. వచ్చే చవితికి సింధువార పత్రం మీ కుండీలోంచే కోసుకోవచ్చు. అప్పుడు "వావిలి ఏది?" అని మీరడిగితే మీ పిల్లలే చూపిస్తారు.