దావీదును ఆశ్రయించిన అబ్యాతారు
చదువవలసిన భాగము: 1 సమూయేలు 22, 23 అధ్యాయములు

దావీదు సౌలు రాజునకు అల్లుడు. అయినను మామ అసూయవలన ఇల్లు విడిచి గుహలలోను అడవులలోను దాగవలసివచ్చెను. అప్పులపాలైనవారును శ్రమలలోనున్నవారును ఇంచుమించు 400 మంది అతనితో చేరిరి.

నోబులోని యాజకుడైన అహీమెలెకు దావీదునకు రొట్టెలును గొల్యాతు ఖడ్గమును ఇచ్చెను. దోయేగు కొండెము చెప్పగా సౌలు 85 మంది యాజకులను చంపించెను. అహీమెలెకు కుమారుడు అబ్యాతారు తప్పించుకొని దావీదునొద్దకు పారిపోయెను. దావీదు ఏలుబడి కడవరకు అతడు యాజకుడై యుండెను గనుక అప్పటికి పడుచువాడే అని మనము తలంచవచ్చును.

దావీదు అతనికేమి చేసెను?

మొదటిది, నెపము దోయేగుమీదనే వేయక, ఆ చావులకు తానే కారణమని ఒప్పుకొనెను.

రెండవది, భయము మాని తనయొద్ద నుండుమనెను.

మూడవది, అతని పగను రెచ్చగొట్టలేదు. అతడు తెచ్చిన ఏఫోదుతో దేవుని చిత్తము విచారించు యాజకపు పనినే అప్పగించెను. తరువాత సౌలు రెండుమారులు చేతికి చిక్కినను దావీదు చంపలేదు.

మన పల్లెలలో దాయాదుల తగవులు లేచినప్పుడు, దెబ్బతిన్న ఇంటి పిల్లవాడు మన గుమ్మమునకు రావచ్చును. వానికి పగ నూరిపోయుదుమా? లేక అన్నము పెట్టి, పని చూపి, ప్రార్థనలో నిలుపుదుమా? ఈ మాసము దీనిని ఇంటింట ఆలోచించుకొందము.