కొట్టంలో కంపా? పోయేది మీ ఎరువే!

చీకటితో లేచి కొట్టం తడిక తీయగానే కళ్లు మండుతున్నాయా? ముసురు పట్టిన రోజుల్లో ఆ ఘాటు నట్టింట్లోకీ వస్తోందా? గొడ్లున్న ఇంట్లో ఇది మామూలేలే అని ఊరుకోకండి. అది అమ్మోనియా. యూరియా బస్తాలో మీరు డబ్బిచ్చి కొనుక్కునే నత్రజనే అలా గాలిపాలవుతోందన్న మాట.

పశువు విసర్జించే నత్రజనిలో ఇంచుమించు సగం మూత్రంలోనే ఉంటుంది. మూత్రానికి పేడ తగిలిందంటే అందులోని సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మార్చేస్తాయి. మనమేమో పేడను జాగ్రత్తగా దిబ్బకు చేర్చి, మూత్రాన్ని నేలకు వదిలేస్తున్నాం. దూడలు నేలబారుగా పడుకుంటాయి కనుక దగ్గు, కళ్లు కారడం ముందు వాటికే.

కంపు పోవాలని చాలామంది సున్నమో, బూడిదో చల్లుతారు. మా ఇంట్లో నేనూ కొన్నాళ్లు చల్లాను. ఘాటు తగ్గకపోగా పెరిగింది! రెండింటికీ క్షారగుణం ఉంది. అమ్మోనియాను ఇంకా బయటికి తరుముతాయి. బ్లీచింగ్ పౌడరు జోలికి అసలే పోవద్దు. అమ్మోనియాతో కలిస్తే విషవాయువులు వస్తాయి. ఫినాయిలు కాసేపు వాసనను కప్పుతుంది, అంతే.

ముందు నేల సరిచేయండి. సిమెంటు చేయించే స్తోమత లేకపోతే గుంతలు పూడ్చి మొరం దిమ్మిస కొట్టండి. పది అడుగులకు మూడు అంగుళాల వాలు చాలు. వాలు చివర చిన్న కాలువ తీసి, బయట పాతిన కుండలోకి మూత్రం చేరేలా చూడండి. రోజూ దాన్ని దిబ్బ మీద పోయండి. గొడ్ల కింద వరిగడ్డి, వేరుశనగ పొట్టు, ఎండుటాకులు ఏవైనా పరచి, తడిసినవి పొద్దున్నే ఎత్తేయండి.

వేరుశనగకు తెచ్చిన జిప్సం మిగిలి ఉంటే తడిచోట రెండు గుప్పెళ్లు చల్లండి. అది అమ్మోనియాను పట్టి అమ్మోనియం సల్ఫేటుగా నిలుపుతుంది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కూడా పనికొస్తుంది. అందులోని భాస్వరమూ ఎలాగూ మీ చేనుకే చేరుతుంది. అయితే పశువులు దాన్ని నాకకూడదు సుమా! అవి మేతకు వెళ్లాక చల్లి, పైన గడ్డి కప్పండి.

ఇంటి గోడ వైపు కాక, బయటి వైపు చూరు కింద గాలి ఆడే సందు ఉంచండి. దిబ్బను ఎండకు వదలక తడిగా ఉంచి, పలుచగా మట్టి కప్పండి. లేకపోతే కొట్టంలో పట్టి ఉంచిన నత్రజని కాస్తా అక్కడ పోతుంది.